ఖాళీ ఎక్కడుందో చెప్పు

గాల్వే ఆసుపత్రి మూడో అంతస్తులో
నురుగు గోడల చిన్న గది.
తలుపు మూస్తే నా ఊపిరి నాకే వినబడుతుంది,
గులకరాళ్ళ మీంచి అల వెనక్కి జారినట్టు.

"పీప్ అనగానే నొక్కు" అంది డెర్వ్లా.
నొక్కాను. మళ్ళీ నొక్కాను.
ఆ తరవాత అద్దం అవతల
ఆమె చెయ్యి మీటలు తిప్పుతూనే ఉంది,
నేను బొత్తం మీద వేలుంచుకుని
రద్దయిన బస్సు కోసం చూస్తున్న మనిషిలా కూచున్నాను.
పై మెట్ల మీద ఇంకా శబ్దాలున్నాయట.
పోయినేడాది నాకూ ఉండేవి.

ఎవరు పట్టుకుపోయారో తెలుసు.
పేరు టోబ్రామైసిన్.
ఏడాదికి మూడు విడతలు, విడతకి పద్నాలుగు రోజులు
మోచేతి గొట్టంలోంచి లోపలికొచ్చి
ఊపిరితిత్తుల్లో పచ్చటి జిగురుని పట్టిన పురుగుల్ని ఊడ్చి
పోతూ పోతూ చెవిలోంచి
సన్నటి వెంట్రుకలు నాలుగు పీక్కుపోతుంది.
దాని కూలి అది.
అమ్మ సంతకం పెట్టింది. నేనైనా పెట్టేదాన్నే.

మా పెరటి రాతిగోడ సందులో ఒక రెన్ పిట్ట,
బొటనవేలంత.
తోక నిక్కించి నోరు తెరుస్తుంది, మూస్తుంది.
మా తమ్ముడు "ఎంత గోలో" అంటాడు.

కాగితం మీద గీత చూసి
"మాటలకి ఇది చాలు" అంటారు డాక్టర్లు.
నిజమే, ఈ గదిలో చాలు.
బడి క్యాంటీన్లో నా దాకా వచ్చే మాటలు
వానలో తడిసిన ఉత్తరాలు.
అందుతాయి, చిరునామా చెరిగిపోయి.
చెవి పుచ్చుకున్నదాన్ని బుర్ర విప్పేలోపు
బల్ల చుట్టూ అందరూ నవ్వేస్తారు.
నేనూ నవ్వుతాను,
ఒక్క రవ్వ ఆలస్యంగా.

కహల్‌దీ ఇదే జబ్బు.
అతని పురుగులు వేరు, నా పురుగులు వేరు;
అవి కలుసుకోకూడదు కాబట్టి మేమూ కలుసుకోకూడదు.
ఒక్క గదిలో ఎప్పుడూ లేం.
ఆరుబయట, రెండు గజాల ఎడం, మాస్కులు.

మార్చిలో, కార్లు ఆపేచోట,
సముద్రం మీంచి ఈడ్చికొట్టే గాలిలో
అతనేదో అన్నాడు.
స-లూ ఫ-లూ గాలి తినేసింది.
పెదాలు చూద్దామంటే గుడ్డ వెనక ఉన్నాయి.
మిగిలింది రెండు అచ్చులు, ఒక ప్రశ్న తోక.
నేను బొటనవేలు పైకెత్తాను.
రాసి పంపమనొచ్చు.
రాసి పంపే మాటే అయితే
అంత గాలిలో అరిచేవాడు కాదు.

ఇవాళ డెర్వ్లా కొత్త పరీక్ష పెట్టింది.
చెవుల్లో ఆగని హోరు,
నెబ్యులైజర్ మిషన్ రొదలాగే, నాకది ఉగ్గుపాలతో అలవాటు.
"మధ్యలో ఎక్కడో చిటికెడు నిశ్శబ్దం ఉంటుంది.
ఖాళీ ఎక్కడుందో చెప్పు."
కొన్ని దొరికాయి.
కొన్ని, వేలు కదిలేలోపే పూడిపోయాయి.

బయటికొచ్చి, మెట్ల మీద కూచుని,
కహల్‌కి ఫోన్ చేశాను.
"మార్చిలో నన్నేమడిగావు?"
"ఏ రోజు?" అన్నాడు.
అనుకుంటా అలాగే అన్నాడని.
తరవాత నవ్వాడు, నవ్వు దగ్గయింది.

అది మాత్రం
ఒక్క పొల్లు పోకుండా
మొత్తం వినబడింది.