హాలు గోడ పదకొండడుగులు

పుస్తకాల పెట్టె వచ్చిన రాత్రి
కంచరపాలెంలో కరెంటు లేదు.
కొవ్వొత్తి పెట్టుకుని చదివాను:
మొత్తం ముప్పై ఆరు వారాలు,
మొదటి వారం రెండు నదుల మధ్య నేల,
ఆఖరి వారం చంద్రుడి మీద అడుగు.
రోజుకి నాలుగు పేజీలు, శుక్రవారం పరీక్ష.
ఇంత నున్నగా నడిచిందా కాలం
అనిపించింది గానీ
అప్పటికే డబ్బు కట్టేశాను.

కాలరేఖని గోడకి అంటించమన్నారు.
ఇరవై అడుగుల కాగితం చుట్ట.
మా హాలు గోడ పదకొండు.
బీరువా జరిపాం, క్యాలెండరు తీసేశాం,
చివరికి గుమ్మం దగ్గర మడిచి
వంటింట్లోకి తిప్పాం.
అంచేత మా ఇంట్లో
రాజ్యాలన్నీ టీవీ పక్కనే లేచి పడిపోతాయి,
ఆవిరి ఓడలు మాత్రం
పోపుల డబ్బా మీదుగా వెళ్తాయి.

తరళకి పదకొండేళ్లు, గడగడా చదివేస్తుంది.
గుణదీప్‌కి ఎనిమిది.
పెన్సిల్ పట్టమంటే వేళ్లు నొప్పంటాడు,
చెప్పమంటే ఆగడు.
బడిలో వాడికి పెట్టిన పేరు
ఈ ఇంట్లో ఎవరం పలకం.

వాళ్ల నాన్న హార్బర్‌లో టగ్గు మీద.
రాత్రి డ్యూటీ దిగి పగలు పడుకుంటాడు.
కనక మా చరిత్ర
మధ్యాహ్నం దాకా గుసగుసల్లోనే.
యుద్ధాలు కూడా.

మూడో వారం: మట్టిపలకల మీద తొలి రాతలు.
భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు గుర్తొచ్చాయి.
అక్కడి మట్టి ముట్టుకోకూడదు,
బోర్డు చదివి చెప్పింది తరళే.
పెందుర్తిలో కుమ్మరాయన దగ్గర
ముప్పై రూపాయలకి ముద్ద కొన్నాం,
ఐస్‌ఫ్రూట్ పుల్లతో గీతలు.
పుస్తకంలో ఉంది,
తొలి రాత ప్రార్థనా కాదు, ప్రేమలేఖా కాదు,
గొర్రెలెన్ని, బార్లీ ఎంత, ఎవడు బాకీ.

నవ్వింది మా అత్త నూకరత్నం,
చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.
"దీనికి పుస్తకమేటమ్మా,
ఆ తలుపెనక గోడ సూడు."
తలుపు వెనక బొగ్గు గీతలు.
పాల ప్యాకెట్ల లెక్క, అయిదుకో అడ్డగీత.
పెళ్లయి పన్నెండేళ్లు,
సున్నం వేయించినప్పుడల్లా
చెరిపించింది నేనే.

గుణదీప్ ఆమె పక్కన చతికిలబడ్డాడు.
"నీకూ రాయడం రాదా నానమ్మా?"
"రాదురా. నెక్క తప్పను."

ఆ తర్వాత నాలుగో వారం రాలేదు.
పిరమిడ్లు సగంలో ఆగాయి.
ఆమె చెబుతుంది, వాడు తిరిగి చెబుతాడు,
తరళ రాస్తుంది, నేను తారీఖులు వెతుకుతాను.
స్టీలుప్లాంటుకి ముందు అక్కడో ఊరు,
ఊరవతల జీడితోట, తోటలో నుయ్యి.
ఇప్పుడక్కడ ఏముందంటే
"గొట్టముందంతారు. నానెల్లి సూడనేదు."

ట్రంకుపెట్టె అడుగున పాలిథిన్ కవర్లో
నిర్వాసితుల ఆర్ కార్డు.
మడతల దగ్గర చిరిగింది.
ఉద్యోగమిస్తామన్న కాగితం
ఉద్యోగం రాకుండానే రిటైరైపోయింది.

జిరాక్సు తీసి ఎక్కడ అంటించాలి?
"స్వాతంత్ర్యం తర్వాత" అంది తరళ.
చంద్రుడి మీద దిగాక, అన్నాను లెక్క చూసి.
అక్కడికి కాగితం అయిపోయింది.
తీసేసిన క్యాలెండరే వెనక్కి తిప్పి
గ్రైండరు పైన అతికించాం.

ఆడపడుచు ఫోన్లో అడుగుతుంది,
మరి టెన్త్ ఎలా వదినా అని.
ఓపెన్ స్కూలుంది కదా అంటాను,
కుక్కర్ కూత వేసే టైము చూసుకుని.
రోము రెండు వారాలకి కుదించాను.
బొజ్జన్నకొండ మెట్ల మీద బుద్ధుడి పాఠం
ఆయనకి సెలవు దొరికిన ఆదివారం.
తప్పు చేస్తున్నానేమో, తెలీదు.

రెండింటికి లేచాడాయన.
మొహం కడుక్కుంటూ అడిగాడు,
"ఎంతదాకా వచ్చార్రా చరిత్ర?"
"నుయ్యి దాకా" అన్నాడు గుణదీప్,
అలవాటుగా ఇంకా గుసగుసగానే.

"ఏ నుయ్యి?"
తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది.
అత్త చిక్కుడుకాయల్లోంచి తలెత్తలేదు.