కాకిబంగారం

మిల్లులో రాత్రి డ్యూటీ. ఉప్పుడు వడ్లు ఉడుకుతుంటాయి.
ఒక గాజుపలకని చూస్తూ కూచోడమే నా పని.
బాయిలర్లో నీళ్లెంతున్నాయో అది చెప్తుంది.
అబద్ధం చెప్పిందంటే ఆ సంగతి కోవూరు దాకా వినపడుతుంది.

గాజుకు లోపలి వైపు అభ్రకం పొర.
మా సైదాపురంలో కాకిబంగారం అంటాం.
ఆవిరి గాజుని తినేస్తుంది, దీన్ని తినలేదు.

పరీక్షకు చదివిన పాత పుస్తకంలో ఒక ఓడ బొమ్మ,
వందేళ్ల పైమాటే, తెల్లోళ్ల డిస్ట్రాయరు.
టార్పెడో పడవల్ని తరమడానికి పుట్టి
తానూ టార్పెడోలు మోసుకు తిరిగింది.
రెండొందల అడుగుల పొడవు, ఇరవై వెడల్పు,
బస్తాల కొక్కెంతో పొడిస్తే చిల్లుపడేంత రేకు.
పొట్టంతా బాయిలర్లే,
మనుషులు మిగిలిన సందుల్లో.

ముక్కుని తాబేలు వీపులా గుండ్రంగా చేశారు,
అల జారిపోతుందని.
జారలా.
అలలోకి దూరి, చుక్కాని పట్టినోణ్ణి ముంచి లేచేది.
మైపాడులో గుడ్లు పెట్టను వచ్చే తాబేలుని చూసినోడెవడైనా చెప్పుండేవాడు:
అది అల మీద పరిగెత్తదు నాయనా,
కిందనుంచి పోతాది.

ఆ ఓడలో పనిచేసినోళ్లకు జీతం కాక ఇంకో కూలి,
కష్టంగా పడుకున్నందుకంట.
అక్కడ పుస్తకం మూశాను.

మా అవ్వకు అవ్వ, రవణమ్మ,
గనిగట్టున తాటాకు పందిరి కింద
కొడవలి మొనతో పొరని పొర నుంచి విడదీసేది.
సాయంత్రానికి చేతులూ కనురెప్పలూ మెరిసేవంట.
తూకం కాడ ఆ మెరుపుకు లెక్క కట్టలా.
పెట్టెలు గూడూర్లో రైలెక్కేవి, మద్రాసులో ఓడెక్కేవి,
తర్వాత ఏమయ్యాయో ఆమెకెవరూ చెప్పలా.

రుజువేం లేదు, నేనే చెప్పుకుంటున్నా:
ఒక పొర ఆ ఓడకే చేరింది.
ఓడ ఇటు వాలి అటు వాలి
గొట్టంలో నీళ్లు పిచ్చిగా ఊగుతుంటే
బొగ్గుమసిలో మునిగిన ఎవడో కుర్రాడు
మా ఊరి రాయిలోంచి చూశాడు,
ప్రాణం ఇంకా ఎన్నంగుళాలుందో.

ఇరవై ఏళ్లకు ఓడని తుక్కుకి అమ్మారు.
శత్రువు మీద ఒక్క టార్పెడో వదల్లేదు.
ఇనుముకి ధర పలికుంటుంది.
పొరని ఏ బూడిదగుట్ట మీదో దులిపేసుంటారు,
ఎండ పడినప్పుడు ఏ కాకో వచ్చి పొడిచి చూసుంటుంది.

నాలుగైంది.
నీళ్లు సగానికి రెండువేళ్లు పైన.
రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాను.