నీలం వస్తే కోసెయ్యాలి

జుబైల్లో రాత్రి షిఫ్టు.
సముద్రాన్ని మంచినీళ్లు చేసే ప్లాంటు
మూడు వారాలకు ఆగింది.
కండెన్సర్ కడుపులో, ప్లాస్టిక్ డేరాలో
లింబాద్రన్న టార్చి పట్టుకుంటే
ఊపిరి నేను బిగబట్టాను.

టైటానియానికి చెమట గిట్టదు.
వేలిముద్ర గిట్టదు.
అసిటోనుతో తుడిచిన చోట మళ్లీ చెయ్యేస్తే
"పసిపోరనికి తానం పోసినంక
ఎవలన్న మట్టిచెయ్యి పెడ్తరార?" అంటాడు.

అతుకు వెండిరంగులో వస్తే పాస్.
ఎండుగడ్డి పసుపు, పోనీలే.
నీలమంటే ఆర్గాన్ చాల్లేదు, గాలి దూరింది,
కోసెయ్యాలి.
నా మొదటి అతుకు నీలం.
పాలపిట్ట రెక్క విప్పినప్పుడు మెరిసే నీలం!
ఫోను లోపలికి రానివ్వరు గాని
ఉంటే ఫొటో తీసి ఇంటికి పంపేవాణ్ని.
ఇన్‌స్పెక్టర్ రోడెల్ ఎర్ర మార్కరుతో కొట్టేశాడు.

మా కళింగపట్నం తీరాన ఇసుకలో నల్లచార ఉంటుంది.
అయస్కాంతం ముక్కకి దారం కట్టి ఈడిస్తే
మీసాలు మొలిచినట్టు అంటుకొచ్చేది.
ఆ నలుపులో ఇదీ ఉందట, ఇక్కడికొచ్చాక తెలిసింది.
ఇప్పుడు అయస్కాంతం పెట్టి చూడండి,
ఎరగనట్టు ఊరుకుంటుంది.

ఉక్కుని నమిలి ఊసే ఈ ఉప్పునీళ్లు
దీన్నెందుకు ముట్టవన్నా?
"గాలే. సల్లగున్నప్పుడు తాకితె
కంటికి కానరాని పొర గడ్తది. గీరితె మల్ల గడ్తది.
కాలేటప్పుడు గదే గాలి తాకితె
గాజు లెక్క పలుగుతది."
ఇంకేదో అనబోయి, రాడ్డు మార్చుకున్నాడు.

పోయినేడు స్కాఫోల్డింగ్ మీంచి పడ్డాడు.
ఎడమకాల్లో ఇదే లోహం, పలక ఒకటి, మరలు ఎనిమిది.
దమ్మామ్ ఆసుపత్రి ఇచ్చిన ఎక్స్‌రే
రూములో ట్యూబులైటుకి ఎత్తి పట్టి
చాలాసేపు చూశాడు, అతుకుల్ని చూసే చూపుతోనే.
"ఫిట్టప్ మంచిగనే ఉంది" అన్నాడు.
కాసేపాగి,
"పరాయిదని బొక్కకు తెల్వదట. అల్లుకపోతదట.
డాక్టరు చెప్పిండు."

తెల్లవారుజామున నా రెండో అతుకు.
ముసుగెత్తాను. వెండి.
రోడెల్ ఏమీ అనలేదు, ఒక టిక్కు పెట్టాడు.
లింబాద్రన్న నిచ్చెన దిగుతున్నాడు,
ప్రతి మెట్టుకీ ముందు ఎడమకాలు.

కోసేసిన నీలం ఉంగరం
నా టిఫిన్ డబ్బాలో ఉంది.
గేటు దగ్గర తెరిచి చూపించాను.
తుక్కు, పో అన్నారు.
బస్సులో అరచేతిలో పెట్టుకున్నాను.
ఉక్కులో సగం బరువు.
కునుకు పట్టాక
ఉందో లేదోనని రెండుసార్లు తడుముకున్నాను.