కిటికీ పక్క సీటు

ఆ రోజు తనిఖీ.
ఆఫీసరు గారు గుమ్మంలోనే ఆగి
"పన్నెండు, ఒకటి, సి పిల్లలెవరమ్మా ఇక్కడ?" అన్నారు
గంపలో కాయలు లెక్కెట్టే గొంతుతో.
జాబితా చూసి పిలిచాను:
సూరాడ గంగోత్రి.

లేచింది.
ఒకటో తరగతి, బి సెక్షన్, మూడో బెంచీ.
ఇంకా ఇస్త్రీ మడత వదలని స్కర్టు.
"నాది బి కద టీచర్,
సి అంతారేటి?"

పిల్లలు నవ్వారు. ఆఫీసరు నవ్వారు.
నేనూ నవ్వాను. ముందు నేనే నవ్వానేమో, గుర్తు లేదు.

మా బళ్ళో సి సెక్షన్ లేదు.
ఆ సాయంత్రం నుంచీ ఉంది.
గది లేదు దానికి, నల్లబల్ల లేదు.
కుళాయి దగ్గర ఉంది,
ఆటో ఎక్కే చోట ఉంది,
పుట్టినరోజు చాక్లెట్లు పంచే వరసలో
చిట్టచివర ఉంది.

చట్టం మంచిదే.
సిరిపురంలో ఒక హాల్లో కూర్చోబెట్టి
టీ, సమోసా ఇచ్చి మరీ చదివించారు మాచేత.
నూటికి పాతిక సీట్లు.
సీటంటే ఏ సీటో అందులో రాయలేదు.
అది నాకొదిలేశారు.

పెదజాలరిపేట నుంచి మా బడికి నడిస్తే పావుగంట.
వాళ్ళమ్మ చీకటుండగానే హార్బరుకెళ్ళి,
వేలంలో అరిచి, గంప నింపుకుని, వీధులు తిరిగి,
చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కుని
పిల్లని గేటు దగ్గర దించేది.
గేటు లోపలికి ఎప్పుడూ రాలేదు.
రావొద్దని ఎవరూ అనలేదు.

డబ్బాలో నెత్తళ్ళ వేపుడు.
ఓ మధ్యాహ్నం మూత తియ్యగానే అన్నాను,
ఎంతో మెత్తగా అన్నాను:
"గంగోత్రీ, కిటికీ పక్కకి వెళ్ళమ్మా,
గాలొస్తుంది."

గాలి ఎవరికో చెప్పలేదు.
ముప్పై ఇద్దరికీ అర్థమైంది.
మర్నాడు బెంచీల మీద సంచులు
జానెడు దూరం జరిగాయి.
రెండో ఎక్కం నెల పట్టింది వాళ్ళకి.
ఇది ఒక్క పూటలో వచ్చేసింది,
హోంవర్కు లేకుండా.

ఆ కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, అబద్ధం కాదు.
ఆ పిల్ల దాన్ని చూసేది కాదు.
ఇంటి దగ్గర ఉన్నదే కదా.
మెడ తిప్పి బోర్డునే చూసేది,
ఎండ పడి మెరిసే చోట
అక్షరాలు కనపడక, కళ్ళు చిట్లించి.

నాలుగో తరగతిలో నీతి పరీక్ష.
సమానత్వం అనగానేమి? రెండు మార్కులు.
అందరూ నేను రాయించిందే రాశారు:
కుల, మత, ధనిక, పేద భేదము లేకుండుట.
కామాలతో సహా.
గంగోత్రి రాసింది:

"మా తాత బోటులో అయిదుగురు ఎల్తారు.
సేప అమ్మినాక బోటుకి ఒక పాలు. వలకి ఒక పాలు.
మిగిలింది మనిషికి ఒక పాలు.
జొరమొచ్చి ఒడ్డున తొంగున్నోడికి కూడా ఒక పాలు.
ఎందుకంటే రేపు మనకీ జొరమొస్తాది."

కీ చూశాను. లేదు.
ఒక మార్కు వేశాను.
ఎర్ర సిరాతో "సేప" దిద్దాను, "జొరం" దిద్దాను,
"పాలు" కొట్టేసి "వాటా" అని రాశాను.
దిద్దాల్సినవన్నీ దిద్దాననుకుని
తరవాతి పేపరు తీశాను.

మళ్ళీ జూన్.
ఒకటో తరగతి, బి. కొత్త జాబితాలో ముగ్గురు.
వాళ్ళ పేర్ల పక్కన గుమస్తా
పెన్సిల్‌తో చిన్న సి పెట్టాడు.
రబ్బరు తీసుకుని చెరిపాను.
అచ్చు పోలేదు, వేలికి తగుల్తోంది.

మధ్యాహ్నం గంట కొట్టాక
నా డబ్బా పట్టుకుని
కిటికీ పక్క సీట్లో నేనే కూర్చున్నాను.
పిల్లలు వింతగా చూశారు.
బెంచీ చిన్నది.
మోకాళ్ళు పట్టలేదు.