మణికట్టు మీద పిట్ట

దిగువమెట్టలో రైలు రెండు నిమిషాలే ఆగింది.
దిగింది నేనూ, మేకపిల్లను చంకనెత్తుకున్న ఒక ముసలాయనా.
తెల్లారలేదింకా. స్టేషను వెనకే కొండ,
పిలిచినా ముసుగు తీయని మనిషిలా.

నిమ్మల ఈదమ్మ గోడవార కూర్చొని ఉంది.
చీర మీద ఖాకీ చొక్కా, ఒళ్ళో కొడవలి.
అడవి కాపలాకి నెలజీతం ఆమెకు,
మూణ్ణెల్లకోసారి వచ్చే నెలజీతం.
"పిట్టల సారువి నువ్వేనా?"
సారును కాను. మార్కాపురంలో పలకలు కోసే మిషను ముందు
ఇరవై ఆరేళ్ళు నిలబడ్డవాణ్ణి.
మెడలో బైనాక్యులరు నంద్యాల్లో పాతది కొన్నాను,
ఎడమ కన్ను మసక.
సంచిలో పుస్తకం లేదు, పలక ఉంది.
అంచు విరిగిందని షావుకారు పక్కన పడేసింది.

తొలకరి పడి మూడు రోజులు.
తోకకి రెండు జెండాలు కట్టుకున్న పోలిగాడు
ఏగిస కొమ్మ మీద కూర్చొని
అడవిలో అందరి గొంతులనీ ఎత్తిపొడుస్తున్నాడు.
కంసాలి పిట్ట టంకు టంకుమని
ఎవరివో మెట్టెలు, పొద్దెక్కకముందే ఇవ్వాలేమో.
జెముడుకాకి కుడి నుంచి ఎడమకు పోయింది.
"మంచిదేనా?" అన్నాను.
"దానికి మంచిదే. తొండ దొరికింది."

వాగు మలుపులో తడి ఇసుక మీద అడుగులు.
నా అరచెయ్యి పెడితే లోపలే పట్టింది.
గుంటలోకి నీళ్ళింకా ఊరుతున్నాయి.
ఈదమ్మ పేరెత్తలేదు.
"పెద్దాయన పోయి ఎంతోసేపు కాలా," అని
నోట్లో బీడీ తీసి చెవి మీద పెట్టుకుంది.

నేనొచ్చింది పొన్నంకి పిట్ట కోసం.
వాన వాసన పట్టుకొని రాత్రుళ్ళు ఎగిరొచ్చి
ఇన్ని రంగులు ఒంటి మీద పెట్టుకొని కూడా
ఎండుటాకుల కింద పురుగులు ఏరుకుంటుందట,
పెళ్ళిచీరతో చిట్టు చెరిగే మనిషిలాగా.

"ఇను," అంది ఈదమ్మ.
విన్నాను. వాగు చప్పుడు.
నా రొమ్ములో పలకదుమ్ము వేసే ఈల.
"అదో, మళ్ళా."
ఏమీ లేదు.

ఒంగోల్లో డాక్టరు కాగితం మీద గీత గీశాడు,
ఈ ఎత్తు దాటితే నీకు వినబడవయ్యా అన్నాడు.
ఏవండీ వినబడనివి అంటే
"కుక్కరు విజిలు, కాలిగజ్జెలు, పిట్టలు," అని
మందుల చీటీ చదివినట్టు చదివాడు.

ఈదమ్మ నా మొహంలోకి చూసింది. ఏం అడగలేదు.
నా చెయ్యి లాక్కొని మణికట్టు మీద
తేనెపట్లు కోసి కాయలు కాసిన వేలితో
ఒకటి పొట్టిగా కొట్టి, ఒకటి పైకి లాగింది.
ఆగింది.
మళ్ళీ కొట్టింది, మళ్ళీ లాగింది.
నరం మీదా ఆ వేలు, నరం లోపలా?
ఎంతసేపో తెలీదు. మోకాళ్ళు తిమ్మిరెక్కాయి.

అంతలో బాట మీద జీపు.
ఫిరంగుల్లాంటి కెమెరాలు, అందులో ఒకడి ఫోను పైకెత్తి ఉంది.
ఈదమ్మ వేలు గాల్లోనే నిలిచిపోయింది.
"పిట్ట నోరు పెట్టెలో పెట్టుకొచ్చారు," అంది.
"అసలుది గమ్మునుండిపోయింది."
నా మణికట్టు కూడా.

పలక మీద పేరు రాయబోయి
చిన్న గీత ఒకటి, వాలుగీత ఒకటి గీశాను.
స్టేషను చేరేసరికి జల్లు అందుకుంది.
రైల్లో తీసి చూస్తే బూడిదరంగు తడి.

ఆ రాత్రి నిద్ర పట్టక మంచం పట్టె మీద
ఒకటి పొట్టిగా, ఒకటి పైకి లాగి.
కోటరత్నం అటు తిరిగే అంది:
"ఎవరో తలుపు కొడుతున్నారు, చూడు."
ఎవరూ లేరని తెలిసీ లేచి వెళ్ళి తీశాను.
వాన.
అది నాకింకా వినబడుతుంది.