బ్రేకర్ కాడ

ముసఫ్ఫా దాటినంక ముప్పై కిలోమీటర్లు,
ఒంటెల కంచె తెగిన కాడ ఎడమకు మర్లితే
తెల్ల కంటెయినర్లు పదకొండు.
బోర్డు లేదు. పేరు లేదు.
పగలూ రాత్రీ ఒక్కటే మొరుగుడు.

లోపల పైసలు పుడుతయంట.
నేను వాటికి సల్లగాలి పెట్టేటోణ్ణి.
గ్యాసు చూసుడు, ఫిల్టర్లు దులుపుడు,
రెక్కలకు పట్టిన ఉప్పు గీకుడు.

మొదటి దినమే బిజోయ్‌ని అడిగిన:
"సేటు ఎవలు?"
"సేటు లేడు" అన్నడు.
"ఈ పైసలకు బ్యాంకు లేదు, సర్కారు లేదు,
నోటు మీద రాజు బొమ్మ లేదు.
లెక్కల పుస్తకం దునియా మొత్తం పంచిపెట్టిన్రు.
ఒక్కడు అబద్ధం రాస్తే
వెయ్యిమంది కొట్టేస్తరు."

మంచిగనిపించింది.
మా రూంల చిట్టీకి పుస్తకం ఒక్కటే,
అది బోధన్ అన్వర్ మామ మెత్త కింద.
పోయిన రంజాన్‌ల చాయ్ ఒలికి
నాలుగు నెలల అంకెలు అలుక్కపోయినయి.
పద్నాలుగు మందిమి కూసోని
ఎవలెంత కట్టిన్రో యాది చేసుకున్నం.
పోచాలు తాను కట్టలేదని తనే చెప్పిండు.
ఆ రాత్రి పుస్తకం మెత్త కింద లేకుండె,
మంచాల మీద ఉండె.

ఇదీ గట్లనే అనుకున్న.
రెండు నెలల ఓవర్‌టైం పోసి
సున్నా తర్వాత సున్నా, సున్నా తర్వాత సున్నా,
వాటి చివర నువ్వుగింజంత కొన్న,
పోచాలు చూపెట్టిన యాప్‌ల.
ధర పడ్డ రాత్రి తీద్దామంటే
తెర మీద ఒక్కటే రాత:
మీ ఖాతా పరిశీలనలో ఉన్నది.
ఎవలు పరిశీలిస్తున్నరు?
లేని సేటు తాళమెట్ల వేసిండు, బిజోయ్?

నవ్విండు. "యాప్‌ల పెడితే గంతే.
ఈసారి పన్నెండు మాటలు ఇస్తరు,
అవి నీ దగ్గర్నే దాచుకో,
కాయిదం మీద గాదు, తలకాయల."
తొమ్మిది దినాలకు తాళం ఇడిసిన్రు.
మిగిలింది బయటికి తీసిన.
ఇప్పుడు పొద్దున బస్సుల చదువుకుంట,
పన్నెండు ఇంగ్లీషు మాటలు,
పదకొండోది నోరు తిరగది.
పాస్‌పోర్టు కంపెనీ బీరువాల,
పన్నెండు మాటలు నా నెత్తిల.
నా గింజ ఈ రాత్రే ఏ దేశమన్న పోవచ్చు,
ఎవని సంతకం అక్కర లేదు.
నేను మెట్‌పల్లి పోవాలంటే మూడు సంతకాలు.

ఇంకోనాడు బిజోయ్ గుండ్రటి బొమ్మ చూపెట్టిండు,
పుస్తకం ఎవలు రాస్తున్నరో ఆ లెక్క.
రొట్టెను కోసినట్టు ముక్కలు,
మూడు కలిస్తే సగం దాటుతున్నయి.
మా పదకొండు డబ్బాలు గూడ వాటిల ఒకదాని పళ్లెంలనే.
"వెయ్యిమంది అన్నవు?"
"వెయ్యిమందే. ముగ్గురి వెనుక నిలబడ్డరు."
నాకు సర్పంచ్ ఎన్నికలు యాదికొచ్చినయి.
ఓటు ఎవనిది వానిదే,
వాడ ఓట్లన్ని ఒక్క అరుగు మీద తెగుతయి.

జూలైల ఒక మధ్యాహ్నం చిల్లర్ పట్టేసింది.
యాభై మూడు డిగ్రీలు.
"దించు!" అని ఒర్లిండు బిజోయ్.
రెండు చేతులతోటి పిడి గుంజిన.
మొరుగుడు బందయింది.
ఏడాదిన్నరల మొదటిసారి
ఇసుక రేకుకు తాకే సప్పుడు ఇన్న.
దునియా పైసలు నా అరచెయ్యిల ఆగినట్టు
ఒక్క నిమిషం గర్వమైంది, అబద్ధమెందుకు.

బిజోయ్ ఫోన్ చూసిండు.
పుస్తకం నడుస్తనే ఉన్నదంట.
ఒక్క పేజీ ఆగలే.
ఎక్కడ్నో ఇంకెవలో రాస్తున్నరు.
గది మాత్రం నిజం, ఒప్పుకోవాలె.
గా ఎక్కడ్నో గూడ ఒక పిడి ఉంటది,
పిడి కాడ ఒకడు ఉంటడు, గోర్లల్ల ఉప్పుతోటి.
వానికి నా పేరు తెల్వది.
అన్ని పేజీలల్ల
మా ఇద్దరి పేర్లు యాడ లేవు.

బెల్టు మార్చి పిడి ఎక్కించిన.
మళ్ల మొరిగినయి పదకొండూ.
ఎనుక వేడిగాలి తన్నే కాడ
పోచాలు తడి లుంగీ పట్టుకొని నిలబడ్డడు,
గీ పైసల గాలికి
లుంగీ ఐదు నిమిషాలల్ల ఆరుతది.