రెండు చుక్కల తర్వాత

తెర కదలకుండా నిలిచిపోయింది.
కీబోర్డు మీద ఒకే ఒక దీపం
ఆరుతూ వెలుగుతూ,
దారి తప్పిన పడవ రేవుకి చూపే దీపంలా.

పదకొండు రోజులు.
కంపైలర్‌తో కంపైలర్‌ని కని
ఆ కన్నదానితో మళ్ళీ దాన్నే కని
ఒక్కో మూట విప్పి, తూకం సరిచూసి,
లైబ్రరీ మీద లైబ్రరీ పేర్చుకుంటూ వచ్చాను.
క్లాక్స్‌విక్ మీద పదకొండు రోజులూ వానే.
పగలు ఐదు గంటలకోసం వచ్చి
కోటు కూడా విప్పకుండా వెళ్ళిపోయేది.
చేపల మేత గోదాములో రాత్రి డ్యూటీ ముగించుకుని
నేనొచ్చేసరికి
ల్యాప్‌టాప్ ఫ్యాను ఇంకా మూలుగుతూనే ఉండేది.

ఇవాళ మొదటిసారి
దాని కాళ్ళ మీద దాన్ని నిలబెట్టాను.
మూడు సెకన్లు నిలబడింది.
తర్వాత, కెర్నల్ పానిక్ అని
ఒక్క కేక.

బూట్ ఫైల్లో విభాగం పేరు మార్చాను. కేక.
అంకె మార్చాను. కేక.
డిస్కు ఊడదీసి, చిన్నప్పుడు వీడియో గేమ్ క్యాసెట్ ఊదినట్టు
ఊది పెట్టాను.
తల ప్రాణం తోకకొచ్చింది.

కింది వాటాలో ట్రోండుర్,
ముప్పయ్యేళ్ళు ట్రాలర్ల మీద రేడియో ఆపరేటరు,
ఉన్ని దువ్వెనలు చంకన పెట్టుకుని పైకొచ్చాడు.
(మా హీటరు బాగా పనిచేస్తుంది. అదీ కారణం.)
తెర వంక చూసి అన్నాడు:
"మునిగేవాడి కేక ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది, రన్వా.
కేకకి ముందు ఏం చెప్పాడో విను."

కేకకి పైన ఒక వాక్యం ఉంది, ఎంతో మర్యాదగా.
సరైన రూట్ చూపించండి,
అందుబాటులో ఉన్న విభాగాలు ఇవి, అని
రెండు చుక్కలు పెట్టి.
రెండు చుక్కల తర్వాత
ఏమీ లేదు.

అన్నిసార్లు చూసి, ఆ ఖాళీని చదవలేదు నేను.
ఖాళీని ఎవరు చదువుతారు?
దాని కిందే బ్రాకెట్లో సున్నా, సున్నా.
డిస్కు పేరు తప్పు రాశాననుకున్నాను,
దానికసలు డిస్కే కనపడటం లేదు.
ఇంకా కళ్ళు తెరవని పిల్లకి
తలుపు రంగులు మార్చి మార్చి చూపిస్తున్నాను.

డ్రైవరు కట్టాను కదా?
కట్టాను. మాడ్యూలుగా.
మాడ్యూలు ఎక్కడుంది?
డిస్కులో.
డిస్కు తెరవాలంటే ఏం కావాలి?
...
తాళంచెవి పెట్టెలో పెట్టి
పెట్టెకి తాళం వేసి
ఎంత జాగ్రత్తపరురాలినో అని మురిసిపోయాను.

చెబితే ట్రోండుర్ దువ్వడం ఆపలేదు.
"గొర్రె మీద నుంచే మొదలుపెట్టి స్వెటర్ అల్లినవాడికి
కుట్టు ఎక్కడ జారిందో తెలుస్తుంది.
కొట్లో కొన్నవాడికి చలి ఒక్కటే తెలుస్తుంది."
"నాకింకా చలే తెలుస్తోంది" అన్నాను.

పెన్‌డ్రైవ్ గుచ్చి
ఎవరో కట్టిన లైనక్స్ భుజమెక్కి
నా డిస్కులోకి తొంగిచూసి,
ఇదే లోకమంతా అని నన్ను నేను నమ్మించుకుని
లోపలికి దిగాను.
నీలం తెర మీద వందల గళ్ళు.
ఒక గడిలో ఎమ్ అనే అక్షరం.
దాన్ని చెరిపి చుక్క పెట్టాను.
ఒక్క చుక్క.
మళ్ళీ నలభై నిమిషాలు ఫ్యాను మూలుగు.
కిటికీలోంచి చూస్తే మబ్బు, మబ్బు వెనక మబ్బు.
ఇవాళ ఈ దీవి మీద చుక్కంటూ ఉంటే
నేను పెట్టిందే.

రీబూట్.
వరసలు వరసలుగా మాటలు జారిపోతున్నాయి.
డిస్కు పేరు కనిపించింది, దాని పక్కన
ఒకటి, రెండు, మూడు విభాగాలు,
అవేవో ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు.
కేక కోసం భుజాలు బిగించుకుని కూర్చున్నాను.
రాలేదు.
చిట్టచివర లాగిన్ అని ఒక పదం,
పక్కన మళ్ళీ రెండు చుక్కలు.
ఈ ఖాళీ నాది.
రూట్ అని కొట్టాను.

పాస్‌వర్డ్ అడిగింది.

పదకొండు రోజుల్లో
అది పెట్టడం ఒక్కటే మరిచాను.

ట్రోండుర్ నవ్వాడో దగ్గాడో తెలీదు.
ఒళ్ళో ఉన్ని ఊగుతోంది.
నేను పెన్‌డ్రైవ్ కోసం
దిండ్ల కింద వెతుకుతున్నాను.